రెండవ వయొలిన్ల వరుస

2016 డిసెంబరులో మా అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చారు. నేను అప్పుడు లాస్ ఏంజెలస్‌లో, కల్వర్ సిటీని ఆనుకుని ఉన్న పామ్స్ అనే పేటలో, ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండేదాన్ని. వాళ్ళు వచ్చిన పది రోజులకు ముగ్గురం కలిసి ‘లా లా ల్యాండ్’ సినిమాకు వెళ్ళాం. వాళ్ళకు ఇంగ్లీషు సంభాషణలు పూర్తిగా అందవని తెలుసు. అయినా పాటలున్న సినిమా కదా, పైగా మేముంటున్న ఊళ్ళోనే తీసినది కదా అని తీసుకువెళ్ళాను. ఆ తరువాత వాళ్ళు ఉన్న ఆరు నెలలూ మా ఇంట్లో ఆ సినిమా సంగీతం తప్ప వేరొకటి దాదాపుగా మోగలేదు.

మొన్న విజయనగరం వెళ్ళినప్పుడు చూశాను, నాన్నకు ఎడమ చెవి బాగా మందగించింది. వయొలిన్ వాయించేవాళ్ళకు వాద్యం ఎడమ చెవి పక్కనే ఉంటుంది కనుక ముందుగా ఆ చెవే అలసిపోతుందని డాక్టరు చెప్పారట. నాన్నకు కుడివైపు కూర్చుని ఆ ఆల్బమ్ మళ్ళీ వినిపించాను. అప్పుడు గుర్తుకు వచ్చినవన్నీ మరిచిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

మా నాన్న సినిమా ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ భవనంలో, నాన్న నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించుకుని, సా-పా-సా-పా శ్రుతిలో నేర్చుకున్నారు. 1968లో మద్రాసు వెళ్ళాక అక్కడ అదంతా పక్కన పెట్టవలసి వచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చోవాలి, వయొలిన్‌ను గడ్డం కింద ఇరికించుకోవాలి, తీగలను పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేసుకోవాలి, ఎదురుగా స్టాండు మీద ఉన్న అయిదు గీతల నొటేషన్‌ను చూసిన వెంటనే వాయించాలి. అన్నిటికంటె కష్టమైనది స్వరాన్ని గమకం లేకుండా, కదలకుండా నిలబెట్టడమని నాన్న అనేవారు. పది మంది ఒకే స్వరాన్ని పట్టుకున్నప్పుడు ఒక్కరు గమకం వేసినా ఆ పదిమందీ పదకొండు మందిలా వినిపిస్తారట. ఆ విద్య పట్టుబడడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. పట్టుబడ్డాక ఆయనకు దొరికిన చోటు, బాణీకి కింద తోడు పలికే రెండవ వయొలిన్ల వరుస. దాదాపు పాతికేళ్ళు ఆ వరుసలోనే ఉన్నారు.

ఆ పాతికేళ్ళలో మొదటి భాగమంతా పాటను ఒకేసారి రికార్డు చేసిన కాలం. గాయకులు బూత్‌లో, వాద్యకారులందరూ హాలులో, మొత్తం పాట మొదటి నుంచి చివరి వరకు ఒకే టేకులో రావాలి. చివరి చరణంలో ఎవరి కమాను జారినా అందరూ మళ్ళీ మొదటికి వెళ్ళాలి. ఉదయం ఏడింటి కాల్‌షీటుకు నాన్న అయిదింటికే లేచి, ఉతికిన జేబురుమాలు ఒకటి వయొలిన్ పెట్టెలో పెట్టుకుని, వడపళని నుంచి నడిచి వెళ్ళేవారు. ఆ జేబురుమాలు గడ్డానికీ వాద్యానికీ మధ్య ఉండేది, అందుకే మా ఇంట్లో నాన్న రుమాళ్ళన్నిటికీ ఒక మూల గోధుమరంగు మరక ఉండేది. రేడియోలో ఆయన వాయించిన పాట వస్తే చేతిలో పని ఆపి, “ఇదిగో, రెండో బీజీఎంలో మేం వస్తాం” అని వేలు ఎత్తేవారు. చిన్నతనంలో నేను ఎప్పుడూ ఆ వేలినే చూశాను గాని అది చూపించిన చోట ఏముందో వినలేదు. నాకు వినిపించింది గాయకుల గొంతు మాత్రమే. పాటంటే గొంతు అనే నమ్మకంతోనే పెరిగాను.

తరువాత కాలం మారింది. ఒక్కొక్క వాద్యాన్నీ విడిగా రికార్డు చేసుకునే మల్టీ ట్రాక్ వచ్చింది, కీబోర్డులు వచ్చాయి, 1990ల్లో కంప్యూటర్ వచ్చింది. పదహారు వయొలిన్లు ఉండేచోట నలుగురినే పిలిచి, అదే బిట్‌ను నాలుగుసార్లు వాయించి పొరలు పొరలుగా పేర్చడం మొదలైంది. అలా తగ్గినప్పుడు ముందుగా పిలుపు ఆగిపోయేది రెండవ వరుసలో వాళ్ళకే. తెలుగు సినిమా అప్పటికే చాలావరకు హైదరాబాదుకు తరలిపోయింది. 1997లో నాన్న మద్రాసు ఇల్లు ఖాళీ చేసి విజయనగరం వచ్చి పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మళ్ళీ నేల మీద కూర్చుని, వయొలిన్ తల మళ్ళీ పాదం మీద ఆనించుకుని. దాని గురించి ఆయన ఎన్నడూ ఎవరినీ నిందించలేదు. ఆర్కెస్ట్రా రోజుల గురించి మాట్లాడడం మాత్రం తగ్గించారు.

ఇదంతా మనసులో ఉన్న మనిషి పక్కన కూర్చుని నేను ఆ సినిమా చూశాను. కథ చిన్నది. సెబాస్టియన్ అనే జాజ్ పియానిస్టు, మియా అనే నటి కావాలనుకునే అమ్మాయి, వాళ్ళ ప్రేమ, వాళ్ళ కలలు, ఆ రెండింటి మధ్య జరిగే లాగులాట. క్రిస్మస్ పాటలు మాత్రమే వాయించమని చెప్పి జీతమిచ్చే రెస్టారెంటులో సెబాస్టియన్ ఆ జాబితాను వదిలేసి తన సొంత బాణీ ఒకటి వాయిస్తాడు. వీధిలో నడిచిపోతున్న మియా అది విని లోపలికి వస్తుంది. ఆ బాణీ ఒంటరి పియానో మీద ఎంతో నెమ్మదిగా మొదలై, కాసేపటికి వేళ్ళు ఆగలేనట్టు పరుగెడుతుంది. అది ముగిసేసరికి అతని ఉద్యోగం పోతుంది. ఆ దృశ్యంలో నాన్న ముందుకు వంగి కూర్చోవడం చీకట్లోనే గమనించాను. బయటికి వచ్చాక ఆయన అన్న మొదటి మాట, “ఆ అబ్బాయి వేళ్ళు అబద్ధం ఆడలేదమ్మా” అని. ఇంటికి వచ్చి చదివితే తెలిసింది, నటుడు ర్యాన్ గోస్లింగ్ ఈ సినిమా కోసం నెలల తరబడి పియానో నేర్చుకున్నాడనీ, తెర మీద కనిపించే చేతులు అతనివేననీ, ఆల్బమ్‌లో వినిపించే పియానో మాత్రం ర్యాండీ కెర్బర్ అనే స్టూడియో విద్వాంసుడిదనీ. నాన్న ఆ రెండవ పేరును నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. తెర వెనుక వాయించిన మనిషికి కూడా ఒక పేరు ఉండి, అది వెతికితే దొరకడం ఆయనకు చాలా పెద్ద విషయం.

అమ్మకు మాత్రం కథ పట్టుకుంది. ఇంటికి వచ్చే దారి పొడుగునా, “అంత ఇష్టపడినవాళ్ళు చివరికి కలవకపోవడమేమిటే?” అని అడుగుతూనే ఉంది.

ఈ సినిమాకు సంగీతం చేసినది జస్టిన్ హర్విట్జ్. దర్శకుడు డేమియన్ చాజెల్‌కూ ఆయనకూ హార్వర్డ్‌లో ఒకే గదిలో ఉన్నప్పటి నుంచి స్నేహం. అంతకు ముందు ‘విప్లాష్’ కూడా ఇద్దరూ కలిసి చేసినదే. హర్విట్జ్ బాణీలు కట్టి ఊరుకోకుండా, ఏ వాద్యం ఏ స్వరం పలకాలో తానే కూర్చుని రాసుకున్నాడు. తొంభై మందికి పైగా వాద్యకారులను ఒకచోట కూర్చోబెట్టి, బృందగానాన్ని జతచేసి రికార్డు చేశారు. 2016 డిసెంబరు 9న, సినిమా లాస్ ఏంజెలస్‌లో విడుదలైన రోజే, రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ఒకటి పాటలది, రెండవది కేవలం నేపథ్య సంగీతానిది.

రెండవ ఆల్బమ్ సంగతి చెప్పగానే నాన్న నమ్మలేదు. “పాటలు లేకుండా, రీరికార్డింగ్‌కే ఒక ఆల్బమ్ వేశారా?” అని అడిగారు. ఆ ప్రశ్న వెనుక ఉన్నది నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన మద్రాసులో రీరికార్డింగ్‌కు వాయించిన రోజులు పాటలకు వాయించిన రోజులకు తీసిపోవు. ఒక్కో రీలు తెర మీద వేసి, దానికి తగినట్టు కాగితాలు పంచి, రాత్రి పొద్దుపోయేవరకు వాయించేవారట. నాయిక మెట్లు దిగే క్షణానికి, రైలు కదిలే క్షణానికి, తల్లి తలుపు తెరిచే క్షణానికి వాళ్ళు వాయించినది పాటలకన్నా మంచి సంగీతమని ఆయన చాలాసార్లు అన్నారు. కాని మన దగ్గర అప్పట్లో దాన్ని విడిగా క్యాసెట్టు వేసే అలవాటు దాదాపు లేదు. ఆ సంగీతం సినిమాలో సంభాషణల కింద, వర్షపు చప్పుడు కింద, హాల్లో జనం ఈలల కింద ఉండిపోయింది. ఆయన జీవితంలో సగం పని ఏ క్యాసెట్టు మీదా లేదు. అలాంటి మనిషికి, మాటల కింద నుంచి సంగీతాన్ని జాగ్రత్తగా బయటికి తీసి, ఒక్కొక్క ముక్కకూ పేరు పెట్టి, దాన్నే వినండని ఇచ్చిన ఆల్బమ్ ఎంత గౌరవంగా తోచి ఉంటుందో ఇప్పుడు ఊహించగలను. అప్పుడు నేను ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను, అంతే.

గంట తరువాత వచ్చి చూస్తే నాన్న ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వింటున్నారు. అది ‘ప్లానిటేరియం’. సినిమాలో మియా, సెబాస్టియన్ రాత్రివేళ గ్రిఫిత్ అబ్జర్వేటరీలోకి వెళతారు, అక్కడ నక్షత్రాల మధ్యకు తేలిపోయి నాట్యం చేస్తారు. రెస్టారెంటులో ఒంటరి పియానో మీద విన్న బాణీయే ఇక్కడ మొత్తం ఆర్కెస్ట్రా చేతికి వస్తుంది. నేను సినిమాలో చూసినప్పుడు నాకు కనిపించినవి నక్షత్రాలే. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక ఇయర్‌ఫోను నాకిచ్చి, “బాణీ వినకు, అది ఎక్కడికీ పోదు. కింద ఏముందో విను” అన్నారు.

అది వాల్ట్జ్ నడక, అంటే మూడు మాత్రల నడక. నాన్న దానికి తిస్రం లెక్క చెప్పారు. తకిట, తకిట, తకిట. వాల్ట్జ్‌లో సాధారణంగా మొదటి మాత్ర బరువైనది, అడుగున ఉండే బేస్ తీగలు దాన్ని పలుకుతాయి. తేలికైన మిగతా రెండు మాత్రలు రెండవ వయొలిన్లవీ, వాటికన్నా కాస్త పెద్దవైన వయోలాలవీ. పైన మొదటి వయొలిన్లు బాణీని అందుకుని ఎగిరిపోతాయి, అందరి చెవీ అటే పోతుంది. “ఆ ‘తకిట’లో ‘త’ నాది కాదు, ‘కిట’ నాది” అన్నారు నాన్న. “ఆ రెండు మాత్రలూ కొంచెం బరువైతే నాట్యం కవాతు అయిపోతుంది. మరీ తేలికైతే కాలు నేల మీద నిలవదు. ఇదిగో, వీళ్ళు ఎంత బాగా పట్టుకున్నారో చూడు.”

నేను కళ్ళు మూసుకుని వెతికాను. మొదటిసారి దొరకలేదు, రెండవసారీ దొరకలేదు. ఆయన ఓపికగా నా మోకాలి మీద రెండు వేళ్ళతో ‘కిట, కిట’ అని తడుతూ ఉన్నారు. ఎన్నవసారికో బాణీ పలచబడి, దాని కింద ఊపిరిలా ఉన్న మరొక పొర వినిపించింది. ముప్ఫయ్యేడేళ్ళ వయసులో, పుట్టిన ఊరికి ఇంత దూరంలో, నాన్న పాతికేళ్ళు చేసిన పని ఏమిటో అప్పుడు మొదటిసారి విన్నాను. ఆ రాత్రి ఆయన పడుకున్నాక, చిన్నప్పటి పాటలు ఫోనులో ఒక్కొక్కటిగా పెట్టుకుని, ఆయన వేలు ఎత్తిన చోటల్లా ఆగి విన్నాను. అన్ని చోట్లా అక్కడ మనుషులు ఉన్నారు.

ఈ ఆల్బమ్ రికార్డు చేసిన వేదిక మా ఇంటికి నడిచివెళ్ళే దూరంలో ఉందని మరికొన్ని రోజులకు తెలిసింది. అది కల్వర్ సిటీలోని సోనీ స్టూడియో ఆవరణలో, గాయని బార్బ్రా స్ట్రైసాండ్ పేరు పెట్టిన స్కోరింగ్ స్టేజి, అంటే సినిమా సంగీతం రికార్డు చేసే హాలు. ఒకప్పుడు అది ఎం.జి.ఎం. వారి స్టూడియో. 1939లో వచ్చిన ‘ద విజార్డ్ ఆఫ్ ఆజ్’ సంగీతం, 1952లో వచ్చిన ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ సంగీతం రికార్డు చేసినది కూడా ఆ స్టేజి మీదే. ఆ సంగతి విన్న సాయంత్రం నుంచి నాన్న నడకకు వెళ్ళే దారి మారిపోయింది. రోజూ వాషింగ్టన్ బుల్వార్డ్ వెంబడి ఆ స్టూడియో ప్రహరీ వరకు నడిచేవారు. లోపలికి వెళ్ళే టూరుకు టికెట్టు కొంటానన్నాను గాని ఆయన వద్దన్నారు. సందర్శకులతో కలిసి చూడడం ఆయనకు ఇష్టం లేకపోయింది. గోడ పైనుంచి కనిపించే పెద్ద ఇంద్రధనుస్సు శిల్పాన్ని అమ్మ చూస్తూ ఉంటే, నాన్న గేటులోంచి వచ్చేపోయే కార్లను చూసేవారు. ఒక్కోసారి వెనుక సీటులో వాద్యం పెట్టె కనిపించేది. “కాల్‌షీటు అయిపోయినట్టుంది” అనేవారు. ఆ మాట ఆయన నోట విని ఇరవై ఏళ్ళు అయింది.

ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటె ఇష్టమైనది ‘ఎపిలోగ్’, ఏడు నిమిషాలకు పైగా సాగే ముక్క. అయిదేళ్ళ తరువాత, వేరొకరిని పెళ్ళి చేసుకున్న మియా అనుకోకుండా సెబాస్టియన్ జాజ్ క్లబ్బులోకి అడుగుపెడుతుంది. అతను ఆమెను చూసి పాత బాణీ వాయించడం మొదలుపెడతాడు. అక్కడి నుంచి, జరిగినదంతా మరొకలా జరిగి ఉంటే ఎలా ఉండేదో ఆర్కెస్ట్రా చెబుతుంది. సినిమాలో అప్పటివరకు విన్న బాణీలన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ వస్తాయి, కాని ఏదీ మునుపటిలా రాదు. నగరం మీద ఆశతో పాడిన పాట ఇక్కడ గొంతులూ వాద్యాలూ కలిసి ఉరకలు వేస్తుంది. మధ్యలో పారిస్‌లో ఒక జాజ్ క్లబ్బు వస్తుంది. ఆ తరువాత వాళ్ళ ఇల్లు, బిడ్డ, వాల్ట్జ్ నడక. చివరికి ఒక్కొక్క వాద్యమే తప్పుకుని, అదే ఒంటరి పియానో, అవే మొదటి స్వరాలు. మాటలు ఒక్కటీ లేవు. అమ్మ అడిగిన ప్రశ్నకు సినిమాలో ఎవరూ జవాబు చెప్పరు, ఈ ఏడు నిమిషాలే చెబుతాయి. సంగీత నాటకాల చరిత్రలో దీన్ని ఎక్కడ పెట్టాలో పండితులు తేల్చుకోవచ్చు. నా మట్టుకు నాకు, కథ చేయలేని పనిని ఆర్కెస్ట్రా ఒక్కటే చేయగలదని ఇంత స్పష్టంగా చూపిన ముక్క మరొకటి తెలియదు.

నాన్న ఈ ముక్కను ఎక్కువగా వినేవారు కాదు. ఒకసారి మాత్రం అది అయిపోయాక, “నేను కూడా విజయనగరంలోనే ఉండిపోయి కచేరీలు చేసి ఉంటే…” అని మొదలుపెట్టి, అమ్మ కాఫీ గ్లాసులతో రావడంతో ఆపేశారు. నేను పూర్తి చేయమని అడగలేదు.

2017 ఫిబ్రవరి 26న ఆస్కార్లు. పద్నాలుగు నామినేషన్లు వచ్చిన సినిమా అది. ఆ రాత్రి చివరి అవార్డు దగ్గర, ‘మూన్‌లైట్’కు బదులు పొరపాటున ఈ సినిమా పేరు చదవడంతో జరిగిన గందరగోళం అందరికీ గుర్తే. మా ఇంట్లో అంతకు ముందే పండుగ జరిగిపోయింది. ఉత్తమ సంగీతానికి హర్విట్జ్‌ను పిలిచినప్పుడు నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

వాళ్ళ తిరుగు ప్రయాణం జూన్ మొదటి వారంలో. దానికి కొద్దిగా ముందు, మే 26, 27 తేదీలలో, హాలీవుడ్ బౌల్‌లో ఈ సినిమాను పెద్ద తెర మీద వేసి, దాని సంగీతాన్ని మొత్తం ప్రత్యక్షంగా వాయిస్తారనీ, హర్విట్జ్ స్వయంగా కండక్ట్ చేస్తాడనీ ప్రకటన వచ్చింది. హాలీవుడ్ బౌల్ అంటే కొండల నడుమ దొన్నెలా ఉన్న ఆరుబయటి రంగస్థలం, పదిహేడు వేలమందికి పైగా పడుతుంది. మాకు బాగా పైవరుసలో, చెక్క బల్లల మీద చోటు దొరికింది. అమ్మకు చలి తగలకుండా రెండు శాలువలు, నాన్నకు ఒక బైనాక్యులర్ పట్టుకుని వెళ్ళాం. ఆ బైనాక్యులర్ నా స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చినది.

పొద్దు వాలాక దీపాలు వెలిగాయి. తెర కింద, వెలుతురులో, దాదాపు వందమంది వాద్యకారులు కనిపించారు. నాన్న బైనాక్యులర్ ఎత్తి తెర వైపు ఒక్కసారి కూడా తిప్పలేదు. ఎడమవైపు మొదలుపెట్టి వరుస వరుసగా చూసుకుంటూ పోయి, ఒకచోట ఆగారు. ఆయన పాతికేళ్ళూ వాయించినది మూసిన తలుపుల వెనుక. హాలులో ఉన్న కండక్టరు, రికార్డిస్టు, తోటి వాద్యకారులు తప్ప, ఆయన కమాను కదలడం చూసినవాళ్ళు లేరు. నేను కూడా ఆయన సినిమాకు వాయిస్తుండగా ఒక్కసారీ చూడలేదు. ఇక్కడ వేలమంది ఎదుట, సినిమా వేస్తుండగానే, ఆ పని చేసేవాళ్ళంతా తెల్లటి దీపాల కింద కూర్చుని ఉన్నారు. పాట ముగిసినప్పుడల్లా జనం తెర మీది నటులకు కాక వాళ్ళకు చప్పట్లు కొడుతున్నారు. “అందరి కమానులూ ఒకే వైపు వెళుతున్నాయి చూడు” అని నాన్న నాకు బైనాక్యులర్ ఇచ్చి, చూసేలోపే మళ్ళీ తీసేసుకున్నారు.

‘ప్లానిటేరియం’ వచ్చేసరికి బాగా చీకటి పడింది. తెర మీద వాళ్ళిద్దరూ నక్షత్రాల్లోకి లేచారు. నాన్న బైనాక్యులర్‌ను ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. చలికి పట్టుకున్నారేమో అనుకున్నాను. కాసేపటికి నా చేతి మీద ఆయన రెండు వేళ్ళు కదలడం తెలిసింది. మొదటి మాత్రను కింద ఉన్న బేస్ తీగలకు వదిలేసి, మిగతా రెండింటినీ తేలికగా, తడబాటు లేకుండా, నాట్యం ముగిసేదాకా తడుతూనే ఉన్నారు.